కాసిన్ని నీళ్లమ్ముకునే సతియెమ్

సతియెమ్ మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఊరంతా తిరిగొచ్చేది. నడుముకి ఆపరేషనైన నాలుగో రోజున మొదలైంది ఈ తిరుగుడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మొగుడు పర్జో దిండు సర్ది, కిటికీ రెక్క ఓరగా వేసి వెళ్లేవాడు. కాసేపటికి రేకుల మీద వాన మొదలయ్యేది. ఆ నెలల్లో జావాలోని మా సోలో ఊళ్లో వాన కొలువుకొచ్చినట్టు వేళ తప్పకుండా వస్తుంది. ఆ చప్పుడుకి సతియెమ్ రెప్పలు వాలిపోయేవి. రెప్పలు వాలగానే కాళ్లు లేచేవి.

ముందు టోఫూ వేయించే వాళ్లిల్లు. ఆ ఇంటావిడ నేలవేము కషాయం గ్లాసుడూ గటగటా తాగేసి, మొహం చిట్లించకుండా మంచినీళ్లు తాగినట్టు నిలబడుతుంది. ఆ తర్వాత మూల మలుపు తిరిగితే బట్టల మీద మైనంతో బాతిక్ బొమ్మలు అద్దే షెడ్డు. కరిగిన మైనం వాసన, పొగ, ఎనిమిదిమంది ఆడవాళ్లు, బియ్యం, కచ్చూరం కలిపి కాచిన కషాయం ఎనిమిది గ్లాసులు. ఆ షెడ్డు దాటాక రిటైరైన బడిపంతులు. ఆయన అరగ్లాసు చాలంటాడు, తాగి ఇంకో అరగ్లాసు పొయ్యమంటాడు. ఒకేసారి గ్లాసుడు పోయించుకోవడం ఇరవయ్యేళ్లుగా ఆయనకి నామోషీ. సతియెమ్ మంచం మీదే నవ్వుకునేది.

కలలో ఇళ్లన్నీ ఉన్నచోటే ఉండేవి కానీ, వాటి మధ్య దూరం మాత్రం ఉండేది కాదు. ఒక గుమ్మంలోంచి అడుగు తీస్తే ఇంకో గుమ్మంలో పడేది. గోడల మీద తడి మెరిసేది. బుట్ట తనంతట తనే వీపు మీదికెక్కి కూర్చునేది. సీసాల్లో పసుపు రంగు, ఎరుపు, ఆకుపచ్చ మెల్లగా ఊగేవి. ఆవిడ నడవనక్కర్లేదు, సీసాలే నడిపించుకుపోయేవి. మెలకువ వచ్చాక కూడా నాలుక మీద చింతపండు పులుపు ఉన్నట్టే ఉండేది. ఎదురుగా గోడ, గోడ మీద బల్లి, మంచం పక్కన చల్లారిన టీ. ఆ టీ తాగుతూ ఆవిడ మళ్లీ ఎప్పుడు వాన పడుతుందా అని చూసేది.

సతియెమ్ జమూ అమ్ముతుంది. పసుపూ చింతపండూ, అల్లం, కచ్చూరం, నేలవేము, తమలపాకు, ఇలా ఒక్కోటీ దంచి, కాచి, వడగట్టి సీసాలకెత్తిన కషాయాలనే మేం జమూ అంటాం. ఎనిమిది గాజు సీసాలు వెదురుబుట్టలో నిలబెట్టి, ఆ బుట్టని బాతిక్ బట్టతో వీపుకి బిగించి కట్టుకుని, చేత్తో గ్లాసులు కడిగే చిన్న బకెట్టు పట్టుకుని లవేయన్ పేట సందులన్నీ తిరుగుతుంది. ఇప్పుడావిడకి యాభై రెండో ఏడు. ఙుతెర్ పల్లె నుంచి ఇరవయ్యేళ్ల పిల్లగా కాపురానికొచ్చింది. వచ్చిన నెలకే అత్తగారు బుట్ట వీపున కట్టింది. ఒక్కగానొక్క కూతురు లస్త్రి పుట్టిన ఏడు తప్ప మళ్లీ ఆ బుట్ట దించలేదు.

అత్తగారు మంచిదే కానీ మాట దగ్గర మహా కచ్చితం. బుట్ట కట్టిన మొదటిరోజే కోడలికి ఒక మాట చెప్పింది. అన్నం పెట్టే బుట్టని నోటితో బరువు అనకూడదట. అంటే అది అలుగుతుందట, అలిగితే మూడింతలవుతుందట. ఆ రోజు నుంచీ సతియెమ్ ఆ మాట అనలేదు. సందు చివర మెట్ల మీద కూలబడ్డప్పుడూ అనలేదు, వానలో బురదకి జారినప్పుడూ అనలేదు. ఎవరైనా "పాపం, బరువేమో అక్కా" అంటే, "లేదమ్మా, కాసిన్ని నీళ్లేగా" అనేది. ఈవిడొక్కర్తికే కాదు, మా జావావాళ్లందరికీ ఉన్న రోగమే ఇది. చేసే పనిని తక్కువ చేసి చెప్పుకోవడం, పెద్దవాళ్లు ఏమడిగినా చిత్తం అనడం. చిత్తం అంటే విన్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. మాలో మాకు అది తెలుసు కాబట్టి రోజులు వెళ్లిపోతాయి. బయటివాళ్లతోనే వస్తుంది చిక్కు.

రెండేళ్ల కిందట నడుములో మొదలైన నొప్పి, పిర్ర మీదుగా ఎడమ కాల్లోకి దిగింది. తన కషాయం తనే తాగింది, మాలిష్ చేయించుకుంది, నడుముకి పట్టీల మీద పట్టీలు అంటించింది. చివరికి ఒకరోజు రెండు సందులు తిరిగాక షెడ్డులోని ఆడవాళ్లు చూసి చెప్పారు, ఎడమ కాలికి చెప్పు లేదని. ఎక్కడ జారిపోయిందో ఆవిడకి తెలీదు. మడమ కింద గులకరాళ్లు గుచ్చుకున్న గుర్తులున్నాయి, నొప్పి మాత్రం లేదు. అప్పుడు భయమేసింది సతియెమ్‌కి. ఆసుపత్రిలో ఫొటోలు తీసి, నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కేసిందన్నారు, కొయ్యకపోతే పాదం చచ్చుబడుతుందన్నారు. కోశారు. కాల్లో మళ్లీ తెలివొచ్చింది.

ఇంటికి పంపే రోజున ఆపరేషన్ చేసిన డాక్టర్ మంగాసి మంచం దగ్గరికొచ్చాడు. ఆయన సుమత్రా మనిషి. వాళ్లు మాట్లాడితే పోట్లాడుతున్నారని మావాళ్లనుకుంటారు, మావాళ్లు మాట్లాడితే గొణుగుతున్నారని వాళ్లనుకుంటారు. ఆయన నిలబడే అడిగాడు, ఏం పని చేస్తారమ్మా అని. సతియెమ్ తల దించుకుని, ఏదో కాసిన్ని నీళ్లమ్ముకుంటానండీ అంది. బరువులెత్తుతారా అన్నాడు. లేదండీ అంది. అబద్ధమాడినట్టు ఆవిడకి అనిపించలేదు. బుట్ట ఎత్తేది పర్జో. ఆవిడ వీపు వంచి నిలబడుతుంది, అంతే.

డాక్టరు మనసులో ఒక చిన్న కొట్టు కనబడి ఉంటుంది. ఒక స్టూలు, ఒక ఐస్ డబ్బా, దాని వెనక కూర్చున్న ఒక పెద్దావిడ. ఆయన చెప్పిన సలహా ఆ కొట్టులోని మనిషికి చెప్పింది. వంగొద్దు, నడుము మెలితిప్పొద్దు, ఒకే భంగిమలో గంటలకొద్దీ కూర్చోవద్దు. ఆరు వారాలయ్యాక మెల్లగా పనికి వెళ్లొచ్చు. నడక మంచిది, ఎంత నడిస్తే అంత మంచిది. ఎనిమిదో వారం వచ్చి కనబడండి. ప్రతి ముక్కకీ సతియెమ్ చిత్తం అంటూ వచ్చింది. నడక మంచిదన్నప్పుడు మాత్రం ఆ చిత్తం గుండెల్లోంచి వచ్చింది. వెలుగు కిటికీలోంచి తెల్లదుప్పటి మీద పడుతోంది, ఆ వెలుగులో డాక్టరు మొహం దేవుడి మొహంలా కనబడింది ఆవిడకి.

పర్జో అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. ముప్ఫై ఐదేళ్లుగా రిక్షా తొక్కుతున్న మనిషి. ఎవరైనా ఎక్కి కూర్చోగానే ఎన్ని కిలోలో మోకాళ్లతో చెప్పగలడు. నాలుగో వారంలో ఒక సాయంత్రం అరటిపండు ఒలుస్తూ అడిగాడు.

"లస్త్రి అమ్మా, డాక్టరుగారికి బుట్ట సంగతి చెప్పావా?"

"అమ్ముకుంటానని చెప్పాగా."

"మోస్తానని?"

"ఆయనడగలేదు."

"ఆయనకేం కలొస్తుందా, నువ్వు చెప్పకపోతే?"

సతియెమ్ గోడవైపు తిరిగింది. నడుము మెలితిప్పకుండా, నర్సు నేర్పినట్టు ఒళ్లంతా ఒక్కసారే తిప్పింది. పర్జో పండు సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టాడు. బుట్టని రిక్షాలో పెట్టుకుపోదాం, నువ్వు పక్కన నడువు అన్నాడు. ఈ మాట అతను అనడం కొత్త కాదు, కాలు మొద్దుబారిన రోజు నుంచీ అంటూనే ఉన్నాడు.

"రిక్షాలో జమూనా? కిరసనాయిలు అమ్మేవాళ్లనుకుంటారు," అంది సతియెమ్. కాసేపాగి, గోడకే చెప్పినట్టు అంది. "బుట్ట లేకపోతే నన్నెవరు గుర్తుపడతారయ్యా? రోడ్డు మీద పోయే ముసల్దాన్ని. అంతేగా."

ఆ మాటలో ఎంత భయముందో పర్జోకి తెలుసు. పండు తినేసి, తొక్క బయట పారేసి వచ్చి, ఆవిడ దిండు సర్దాడు.

ఆరో వారం గడిచిన మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి సతియెమ్ జుట్టు దువ్వి కొప్పు పెట్టుకుంది. మంచి రవిక వేసుకుంది. కూతురు సెమరాంగ్ ఊరి నుంచి ఫోన్ చేసి, వెళ్లొద్దని ఏడుస్తున్నా వినిపించుకోలేదు. పర్జో సణుగుతూనే బుట్ట ఎత్తి వీపుకానించాడు. మొదట్లో నాలుగు సీసాలే. ఆవిడ బట్ట ముడి గుండెల మీద బిగించుకుని వీధిలోకి అడుగు పెట్టేసరికి వాన వెలిసిన నేల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. టోఫూ ఇంటావిడ కాగుతున్న నూనె వదిలేసి వచ్చి బుగ్గలు పుణికింది. షెడ్డులో ఆడవాళ్లు మైనం చేతులు గాల్లోకి ఎత్తి పట్టుకుని, సన్నబడ్డావంటే సన్నబడ్డావంటూ ముసురుకున్నారు. పంతులుగారు ఆ రోజు మూడు అరగ్లాసులు తాగాడు. సతియెమ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. నెలన్నరగా కళ్లు మూసుకుని తిరిగిన సందు ఇదేనా, అది నిజమా ఇది నిజమా అనిపించింది.

మూడో రోజుకి ఆరు సీసాలయ్యాయి. వారం తిరిగేసరికి ఎనిమిది.

ఎనిమిది సీసాలైన రోజే ఎడమ మడమలో చీమలు పాకాయి. పంతులుగారింటి మలుపులో ఆగి చెప్పు విప్పి చూసుకుంది. చెప్పులో ఏమీ లేదు. మర్నాడు చీమలు పిక్కదాకా ఎక్కాయి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక పర్జో కాళ్లకి నూనె రాస్తూ, ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగేవాడు. అన్నిచోట్లా తెలుస్తోందనేది. తెలియని చోట ఇంకాస్త గట్టిగా తెలుస్తోందనేది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. కల రావడం మానేసింది. మధ్యాహ్నం పడుకుంటే వాన చప్పుడు వాన చప్పుడులాగే వినిపించేది, కాళ్లు మంచం మీదే ఉండేవి. మెలకువలో మాత్రం సందులు సాగిపోయేవి. ఇల్లుకీ ఇల్లుకీ మధ్య అడుగులు లెక్కపెట్టుకునేది. షెడ్డు నుంచి పంతులుగారిల్లు నూట ఎనభై. ముప్ఫై రెండేళ్లలో ఎప్పుడూ లెక్కపెట్టని అడుగులు.

ఎనిమిదో వారం డాక్టరుకి కనబడాల్సిన రోజున సతియెమ్ చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. బుట్ట కట్టుకునే ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు నడవమన్నాడు, పనికి వెళ్లమన్నాడు. చెప్పినట్టే వింటున్నానని ఆయన కళ్లతో ఆయన చూడాలి. పైగా పెద్దల దగ్గరికి వట్టి చేతులతో ఎలా వెళ్లడం? ఆయనకోసం ప్రత్యేకంగా పసుపు చింతపండులో తాటిబెల్లం ఒక పిసరు ఎక్కువ వేసి తీసుకెళ్లింది. కాల్లో చీమల సంగతి మనసులో ఒక మూల నొక్కిపెట్టింది. డాక్టరు బావుందంటే బావున్నట్టే.

వరండాలో బెంచీల మీద కూర్చున్న రోగులు ఆవిణ్ని చూసి లేచొచ్చారు. వాళ్లని కాదనడం చేతకాలేదు. నర్సు వచ్చి ఇదేమైనా సంతా అని కసిరేలోపు నాలుగు గ్లాసులు చెల్లిపోయాయి. ఆ నర్సు కూడా అల్లం కషాయం తాగే వెళ్లింది, అది వేరే సంగతి. పేరు పిలిచారు. సతియెమ్ బుట్టతోనే గదిలోకి నడిచింది.

డాక్టర్ మంగాసి కంప్యూటరులోంచి తలెత్తి ఆవిణ్ని చూశాడు. బుట్టని చూశాడు. మళ్లీ ఆవిణ్ని చూశాడు. లేచొచ్చి, ముడి విప్పమని, బుట్టని రెండు చేతులా పట్టుకుని దించబోయాడు. ఆరడుగుల మనిషి, చేతులు జారి మోకాలు అడ్డం పెట్టాల్సి వచ్చింది. అలాగే మోసుకెళ్లి, రోగుల్ని తూచే యంత్రం మీద పెట్టాడు. ఇరవై మూడు కిలోలు. అదీ ఐదు గ్లాసులు ఖాళీ అయ్యాక.

"ఇదేనా మీరు చెప్పిన కాసిన్ని నీళ్లు?" అన్నాడు.

"చిత్తం," అంది సతియెమ్.

ఆయన ఆవిణ్ని మంచమెక్కించి, కళ్లు మూసుకోమని, గుండుసూదిలాంటిదేదో పుచ్చుకున్నాడు. పాదం మీద అక్కడక్కడా తాకిస్తూ, గుచ్చుకుందా అని అడుగుతూ పోయాడు. చిత్తం అంది. ఇక్కడ? చిత్తం. మరిక్కడ? చిత్తం. ఇప్పుడు? చిత్తం, బాగా తెలిసిందండీ. ఎంతకీ ఇంకో ప్రశ్న రాకపోయేసరికి సతియెమ్ మెల్లగా కళ్లు తెరిచింది. డాక్టరు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మంచానికి అంత దూరంలో.

"చివరి రెండుసార్లూ నేను ముట్టుకోలేదమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ గొంతు అంత తగ్గగలదని ఆవిడకి తెలీదు. "నేను మీ ఊరివాణ్ని కాదు. మీ మర్యాద నాకర్థం కాదు. మర్యాద కోసం మీరు గుచ్చుకుందంటే, నేను రాసుకుంటాను. రాసుకుని, కాలు బాగుందని పంపేస్తాను. అప్పుడా కాలు పోతుంది. మీదే పోతుంది, నాది కాదు."

స్టూలు లాక్కుని ఆవిడ మొహానికి సమంగా కూర్చున్నాడు. మళ్లీ అడిగాడు.

"ఆ బుట్ట బరువా, కాదా?"

సతియెమ్ చూపు తూకం యంత్రం మీదున్న బుట్ట మీదే ఉంది. సీసాల్లో రంగులు నిలకడగా ఉన్నాయి. అత్తగారు చచ్చిపోయి పద్నాలుగేళ్లు. అయినా ఆ గదిలో ఎక్కడో ఒక మూల నిలబడి వింటున్నట్టే ఉంది. సతియెమ్ పెదాలు తడుపుకుంది. కొంగు చివర వేలికి చుట్టింది, విప్పింది.

"బరువేనండీ," అంది. "ముప్ఫై రెండేళ్లుగా బరువే. కట్టిన రోజు కూడా బరువే. రోజూ బరువే."

అని చిన్నపిల్లలా ఏడ్చింది. డాక్టరు ఆపమనలేదు. కాగితం రుమాలు ఇచ్చి, ఆవిడ తనకోసం తెచ్చిన పసుపు చింతపండు గ్లాసులో పోసుకుని, నెమ్మదిగా చివరిదాకా తాగాడు. బావుందో లేదో చెప్పలేదు. కాళ్లలో ఎక్కడ తెలుస్తోందో, ఎక్కడ తెలియడం లేదో ఈసారి ఆవిడే చెప్పింది, ఆయన గీసుకున్నాడు. నరం మీద మళ్లీ ఒత్తిడి పడుతోంది కానీ చేయి దాటిపోలేదన్నాడు. ఈ వారమంతా విశ్రాంతి. ఆ తర్వాత నెలన్నర దాకా రెండు సీసాలకి మించి చేత్తో పట్టుకోకూడదు, అవి కూడా ఒంటికి ఆనించి పట్టుకోవాలి. ఇంకో రెండు నెలలకి చూసి ఇంకాస్త పెంచుదాం. వీపు మీద బుట్ట మాత్రం ఇక ఈ జన్మకి లేదు.

"అంటే పని మానెయ్యాలా?" అంది.

"మోత మానమంటున్నాను. పని మానమనలేదు. మీవాళ్లు ఎవరున్నారు ఇంట్లో? వాళ్లకేం వచ్చు?"

పర్జోకి రిక్షా తొక్కడం వచ్చు. ఆ మాట సతియెమ్ బుట్టవైపు చూస్తూ చెప్పింది.

ఇంటికెళ్లాక వారం రోజులు మాట్లాడలేదు. కోపం పర్జో మీద కాదు, డాక్టరు మీదా కాదు. బుట్ట కట్టుకునే బాతిక్ బట్ట ఉతికి, మడతపెట్టి, అలమరలో అన్నిటికన్నా అడుగున పెట్టేసింది. టోఫూ ఇంటావిడ చూడ్డానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది. పర్జో తనే పసుపు దంచాడు, తనే కాచాడు, తమలపాకు ఎక్కువేసి పాడు చేశాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం సతియెమ్ ఉండబట్టలేక లేచి, అతని చేతిలో గరిటె లాక్కుంది. అతను నోరెత్తకుండా వీధిలోకెళ్లి రిక్షా కడిగాడు. మా రిక్షాల్లో సవారీ ముందు కూర్చుంటుంది, తొక్కేవాడు వెనక. ఆ ముందు సీటు తుడిచి, అలమర అడుగున ఉన్న బట్ట వెతికి తెచ్చి పరిచాడు. దాని మీద బుట్ట పెట్టాడు. బుట్ట అటూ ఇటూ ఊగకుండా రెండు వైపులా రెండు దిళ్లు పెట్టాడు. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినా అంత శ్రద్ధగా కూర్చోబెట్టడేమో.

సతియెమ్ గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ చేతిలో గ్లాసుల సంచీ ఒక్కటే ఉంది.

బయల్దేరారు. పర్జో వెనకనుంచి నడిచినంత నెమ్మదిగా తొక్కుతున్నాడు, ఆవిడ పక్కన నడుస్తోంది. వాన అప్పుడే వెలిసింది. చూరుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. వీపు చల్లగా ఉంది, గాలి తగులుతోంది, అక్కడ ఇంత చోటుందా అనిపించింది. ఎవరో ఒకర్ని ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టు రెండుమూడుసార్లు వెనక్కి తిరగబోయి, నడుము తిప్పకూడదని గుర్తొచ్చి ఆగింది. బాధగానే ఉంది. లేదని చెప్పడం అబద్ధం.

టోఫూ ఇంటావిడ గ్లాసు ఖాళీ చేసి, రిక్షాలో వచ్చిన నేలవేము చప్పగా ఉందంది. షెడ్డులో ఇద్దరు ఆ రోజుకి వద్దన్నారు. మిగతా ఆరుగురూ తాగారు కానీ, కళ్లు మాత్రం బుట్ట మీదా పర్జో మీదా ఆడుతున్నాయి. పర్జో చెవులు ఎర్రబడ్డాయి. వాళ్లు గుమ్మందాకా వచ్చి సాగనంపాక, నాలుగడుగులు వేసిన సతియెమ్‌ని వెనకనుంచి ఎవరో కేకేశారు.

"అక్కా, బుట్ట రిక్షాలో ఉందిగా. ఎవర్ని మోస్తున్నావ్ మరి?"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. సతియెమ్ ఆగి తన్ను తాను చూసుకుంది. నిజమే. వీపు మీద ఏమీ లేకపోయినా ఒళ్లు ముందుకి వంచి, గడ్డం గుండెలకానించి, నేల చూస్తూ నడుస్తోంది. సిగ్గేసింది. నర్సు నేర్పినట్టు మొదట మోకాళ్లు నిలిపి, తర్వాత నడుము, తర్వాత భుజాలు, ఆఖరున మెడ ఒక్కొక్కటీ మెల్లగా ఎత్తింది. ఎముకలు సన్నగా చప్పుడు చేశాయి. చివర తల లేచింది.

గోడలకి పైన ఇంకో సందుంది. పెంకుల మీద తడి, తడిలో నారింజ వెలుగు, తీగల మీద ఆరేసిన బాతిక్ బట్టలు, పావురాల గూళ్లు, ఎవరిదో గాలిపటం తీగకి చిక్కుకుని ఊగుతోంది. కలలో కూడా ఇవేవీ లేవు. కలలోనూ ఆవిడ నేల చూసే నడిచింది కాబోలు. పంతులుగారింటికి ఎదురుగా ఉన్న పాత వ్యాపారస్తుల ఇంటికి మేడ మీద ఒక చెక్క వసారా ఉంది. వసారాలో పడకకుర్చీ. కుర్చీలో తెల్లటి జుట్టు పెద్దావిడ ఒకామె, కటకటాల మీద గడ్డం ఆనించి కిందికే చూస్తోంది.

ఇద్దరి చూపులూ కలిశాయి. పెద్దావిడ ముందుకి వంగింది.

"జమూ అమ్మే మనిషివి నువ్వేనా?"

"నేనేనమ్మా. సతియెమ్‌ని."

"నా కోడలు తెచ్చిస్తే రోజూ నీ పసుపు చింతపండే తాగుతాను. మోకాళ్లు పోయి పదకొండేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నా." పెద్దావిడ ఊపిరి తీసుకుంది. "నీ కొప్పు తెలుసు నాకు. నీ సీసాల మూతలు ఎన్ని ఉన్నాయో తెలుసు. ఆమధ్య నెలన్నర నువ్వు రాకపోతే ఆ కొప్పు ఏమైందో అని కోడలిచేత అడిగించాను. మొహం చూడ్డం మాత్రం ఇవాళే."

పర్జో రిక్షా ఆపి దిగాడు.

"ఇంకాసేపు అలాగే ఉండు తల్లీ," అంది పెద్దావిడ, ఒళ్లో తడుముకుంటూ. "కళ్లజోడు పెట్టుకోనీ."

సతియెమ్ తల ఎత్తి, కదలకుండా, ఆవిడ కళ్లజోడు పెట్టుకునేదాకా నిలబడింది.